ఎర్ర మఖ్మల్ కుర్చీ

ఛత్రినాకలో బోనాల సభకు ఆగయ్య పొద్దున్నే కుర్చీలు వేస్తున్నాడు. టెంట్‌హౌస్ పని చేసీ చేసీ నడుము వంగిపోయింది, అరచేతులు కాయలు కాశాయి. భార్య పోయాక ఇంట్లో పలకరించే దిక్కు లేదు. బయట అందరికీ ఆయన కుర్చీలాయన, అంతే. పేరు పెట్టి పిలిచేది ఒక్క ప్రేమ్‌రాజే.

ఆ ప్రేమ్‌రాజ్ ఎదుగుదలంతా ఆగయ్య వేసిన కుర్చీల్లోనే జరిగింది. జెండాలు మోసే రోజుల్లో వెనక వరస ప్లాస్టిక్ కుర్చీ. కార్పొరేటర్ అయ్యాక వేదిక అంచున. హోం మంత్రి అయ్యాక నట్టనడుమ ఎర్ర మఖ్మల్ కుర్చీ. దాన్ని ఆగయ్య తన తువ్వాలతోనే తుడిచేవాడు. తర్వాత, మంత్రిని నిలదీస్తూ రాసిన విలేకరి వెస్లీ మూసీలో శవమై తేలాడు. "వాని నోరు మూయించుండ్రి" అన్న మంత్రి గొంతు అందరి ఫోన్లలో తిరిగింది. పదవి ఊడింది, కేసు నడుస్తోంది. వెస్లీ మంచి పిల్లవాడు, పాపం. సభ అయ్యాక తనూ నాలుగు కుర్చీలు పేర్చి వెళ్లేవాడు.

ప్రేమ్‌రాజ్ ఆటో దిగి ఒక్కడే వచ్చాడు. గన్‌మన్ లేడు. ఒంటిమీద లాల్చీ వదులై వేలాడుతోంది.

"ఆగన్నా, నా కుర్చీ ఏది?"

"స్టేజీ మీద వద్దన్నరు సార్."

"ఎవరన్నరు?"

"అందరన్నరు."

అనేశాక ఆగయ్యకే ప్రాణం ఉసూరుమంది. ట్రాలీలోంచి ఎర్ర కుర్చీ దింపి, జనరేటర్ వెనక వేపచెట్టు నీడలో వేసి తుడిచాడు. ప్రేమ్‌రాజ్ కూర్చున్నాడు. అవతల డప్పులు మొదలయ్యాయి. ఇటువైపు తొంగిచూసినవాడు లేడు.

"ఒక్క మాట అడుగుత సార్. వెస్లీ గురించి ఆ మాట మీరే అన్నరా?"

ప్రేమ్‌రాజ్ కళ్లు మూసుకున్నాడు. "జర మంచినీళ్లు తేవా ఆగన్నా" అన్నాడు.

జవాబు దాటేశాడని ఆగయ్యకు ఒళ్లు మండింది. కావాలనే నెమ్మదిగా వెళ్లాడు. నీళ్ల డబ్బా దగ్గర అందరినీ ముందు పట్టుకోనిచ్చాడు. నిలబడి పోతరాజు ఆట కూడా చూశాడు. తిరిగొచ్చేసరికి ప్రేమ్‌రాజ్ తల పక్కకు వాలిపోయి ఉంది. గ్లాసు కింద పెట్టి భుజం పట్టుకుని కదిపాడు. ఊపిరి లేదు.

అంబులెన్స్ వచ్చి తీసుకుపోయింది. జనమూ పలచబడ్డారు. ఆగయ్య ఒక్కడే ప్లాస్టిక్ కుర్చీలన్నీ ట్రాలీకి ఎత్తాడు. అడిగినదానికి జవాబు ఇక రాదు. నీళ్లు తొందరగా తెచ్చి ఉంటే వచ్చేదేమోనని మనసు పీకుతూనే ఉంది. తనను ఆగన్నా అని పిలిచేవాళ్లూ ఇక లేరు.

వేపచెట్టు కింద ఎర్ర కుర్చీ మిగిలింది. దాని పక్కన నేల మీద, నిండు నీళ్ల గ్లాసు అలాగే ఉంది.