ముందే లేచే చేతులు

మామగారి చొక్కాకు గుండీలన్నీ పెట్టేశాక గానీ ఆమెకు గుర్తు రాలేదు, ఆ పని ఆయన్నే చేసుకోనివ్వాలని. పక్షవాతం వచ్చిన చెయ్యి ఇప్పుడిప్పుడే మాట వింటోంది. కానీ తన బస్సుకు వేళైంది, ఆయన ఒక్కో గుండీతో ఎంతసేపు కుస్తీ పడతాడో తెలియదు. "నా కోడలు చెయ్యి పడితే చాలు" అని అత్తగారు మురిసిపోయింది. ఆ ఇంట్లో పొగడ్తకు కొదవ లేదు. పొగడ్త వెనకాలే ఇంకో పని వస్తుంది, అంతే.

ఆమెది ఫిజియోథెరపీలో ఆఖరి సంవత్సరం. పెళ్ళితో ఆగిపోయిన చదువును బతిమాలి బామాలి మళ్ళీ మొదలుపెట్టింది. ఆసుపత్రిలో శిక్షణ చివరికొచ్చింది. రోగిని సొంతంగా చూడగలదని అక్కడ నేర్పే మేడమ్ ఒప్పుకుంటేనే గట్టెక్కినట్టు, లేకపోతే శిక్షణంతా మళ్ళీ మొదటి నుంచి. అదే జరిగితే ఇక చదువు కుదరదని భర్త ముందే తేల్చేశాడు. కోపంగా కూడా కాదు, టీవీ చూస్తూ చెప్పాడు.

ఆ రోజు ఆమెకిచ్చిన రోగి ఒక లారీ డ్రైవరు. కుర్చీలోంచి తనంతట తాను లేవాలి. ఆయన ముందుకు వంగాడో లేదో, ఆమె చెయ్యి ఆయన చంక కిందికి వెళ్ళిపోయింది. ఆయన లేచాడు. ఆమె నవ్వింది కూడా.

"లేచింది నువ్వు, ఆయన కాదు" అంది మేడమ్. "నీకు నీ మీదా నమ్మకం లేదు, ఆయన మీదా లేదు. రేపు చివరిసారి చూస్తాను."

తనతో చదివే కుర్రాళ్ళు రోగికి సాయం పట్టకుండా చేతులు కట్టుకుని నిలబడితే దాన్ని అందరూ ధైర్యం అంటారు. ఆమెకు ఒళ్ళు మండింది. ఇంటికి వెళ్ళే బస్సులో తన చేతుల వంకే చూసుకుంటూ కూర్చుంది. వీటికి ఇంత తొందర ఎవరు నేర్పారు? పుట్టింట్లో నాన్న పేపరు విప్పేలోపు కళ్ళజోడు అందించాలి. అత్తింట్లో భర్త తువ్వాలు కోసం తల తిప్పేలోపు భుజాన వెయ్యాలి. అడిగించుకుని చేస్తే అదేం చెయ్యడమే అని అమ్మ అనేది. అడక్కుండా చేసీ చేసీ, ఎదుటి మనిషికీ చేతులుంటాయన్న సంగతే మరిచిపోయింది. ఇన్నేళ్ళూ దాన్ని ప్రేమ అనుకుంది. ఏడుపొచ్చింది.

మర్నాడు డ్రైవరు పక్కన, పడబోతే పట్టుకునేంత దగ్గరలో నిలబడింది. ఆయన సగం లేచి కూలబడ్డాడు. మళ్ళీ అంతే. అలా గుడ్లప్పగించి చూడకపోతే ఓ చెయ్యి వెయ్యకూడదా అని ఆయన భార్య కసిరింది. చేతులు ఆగనంటున్నాయి. ఏదో పాపం చేస్తున్నట్టే ఉంది. అయినా వెయ్యలేదు. చివరికి ఆయన వణుకుతూ, తనను తానే తిట్టుకుంటూ లేచి నిలబడ్డాడు. ఈయన్ని రేపటి నుంచి నువ్వే చూసుకో అని మేడమ్ పక్క మంచం దగ్గరికి వెళ్ళిపోయింది.

సాయంత్రం భోజనాల దగ్గర ఆ సంగతి చెప్పింది. మంచిదేలే, ఇక నాన్న పని పూర్తిగా నువ్వే చూసుకోవచ్చు అన్నాడు భర్త. కాసేపయ్యాక, పళ్ళెంలోంచి తలెత్తకుండా "నీళ్ళు" అన్నాడు.

జగ్గు అతని మోచేతి పక్కనే ఉంది. ఆమె తింటూనే ఉంది. అతను తలెత్తి చూశాడు. ఈలోగా అత్తగారి చెయ్యి దానంతటదే జగ్గు వైపు లేచింది.

ఆమె ఆ చేతిని మెల్లగా పట్టుకుని ఆపింది.

"ఉండండి అత్తయ్యా. ఆయన అందుకోగలరేమో చూద్దాం."