గట్టి పిన్ను ఒక జత

తమిళనాట రాజపాళయం మిల్లులు నూలు వడికితే, వాసుదేవన్ తన ఎలక్ట్రికల్ షాపులో కూర్చుని మాటలు వడికేవాడు. "వైరు అమ్ముతాను గాని ఎవురితోనూ వైరం పెట్టుకోను. సాకెట్టు ఇస్తాను, సాకు చెప్పను" అంటూ, బల్బుకని వచ్చినవాడికి బల్బుతోపాటు ఒక శ్లేష ఉచితంగా అంటగట్టేవాడు. ఇన్ని ఫ్యాన్లు అమ్మినా తనకు ఒక్క ఫ్యానూ లేడని ఆయన దిగులు. భార్య మంగళం ఆ జోకులు విని విని ఎప్పుడో ఫ్యూజు పోయిన మనిషి.

ఒక్కగానొక్క కూతురు యామిని. "పెళ్ళి మండపం ఎక్కు తల్లీ అంటే, మండపం ఊరికి బస్సెక్కినాది" అని ఆయనే ఊరంతా చెప్పి నవ్వేవాడు. రామేశ్వరం దగ్గరి ఆ మండపంలో, సముద్రం అడుగున పగడపు దిబ్బలను కొలిచే ఉద్యోగం ఆమెది. వీపున గాలి సిలిండరు కట్టుకుని నీళ్ళలోకి దిగుతుంది. తండ్రికి మాత్రం ఈత రాదు. ఈతిబాధలు మాత్రమే వచ్చునని, అదీ ఆయన జోకే.

ఒకనాటి పొద్దున యామిని మెసేజి పెట్టింది. రాజపాళయం తెలుగువాళ్ళు మాట్లాడేది తెలుగే గాని, రాసేది అరవ అక్షరాల్లో. బళ్ళో నేర్పింది అవే మరి. అరవంలో క, గ రెంటికీ ఒకటే అక్షరం. ప, బ, ఫ మూడింటికీ కూడా ఒకటే. వాసుదేవన్‌కు అది పిత్రార్జితం లాంటిది. ఒక్క అక్షరంలో రెండు మాటలు, రెండు మాటల్లో నాలుగు నవ్వులు పిండుకునేవాడు.

ఆ మెసేజిని ఆయన ఇలా చదివాడు: "అప్పా, ఇక్కడ పెద్ద కరెంటు. గట్టి పిన్ను ఒక జత అర్జెంటుగా బస్సులో పంపు."

"చూస్తివా మంగళం! ఇన్నాళ్ళకు నా కూతురికి నా షాపు జ్ఞాపకం వచ్చినాది."

షాపు భాషలో పిన్ను అంటే ప్లగ్గే. చిన్న ప్లగ్గులు పక్కకు తోసేశాడు. పెద్ద కరెంటు కదా! గీజరుకు పెట్టే మూడు కాళ్ళ ప్లగ్గులు, లావు ఇత్తడి పిన్నులవి ఏరాడు. వేలితో నొక్కాడు, చెవి దగ్గర పెట్టి ఊపాడు, కొరికి చూడటం ఒక్కటే తక్కువ. ఒక జత పొట్లం కట్టి, రామేశ్వరం పోయే బస్సు డ్రైవరు చేతిలో పెట్టి మురిసిపోయాడు.

మర్నాడు తెల్లవారగానే ఫోను మోగింది.

"అప్పా, ఏంది ఇది? డబ్బాలో ప్లగ్గులు ఉండాయి!"

"ఆమా, ప్లగ్గులే! అసలు ఇత్తడి! దానికి ఎంత కరెంటు ఇచ్చినా కరగదు."

"పిన్ను కాదప్పా, ఫిన్ను! ఫ! నీళ్ళలో కాలికి తొడుక్కునే రెక్క. బీరువా మీద పెట్టి వచ్చినానే, నల్లది!"

"కరెంటు అని రాస్తివి కదమ్మా?"

"నీళ్ళ కరెంటప్పా! నీళ్ళు మనిషిని లాక్కుపోయే లాగుడు. ఇప్పుడు నా దగ్గర ఉండేది మెత్తది, నడిమికి చీలినది. ఊరుకున్న నీళ్ళల్లో అది సుఖం, కాలు నొయ్యదు. లాగుడులో తన్నితే అదే వంగిపోతాది, మనిషి ముందుకు పోదు. దీనికి గట్టి పలక కావాల, వెడల్పుగా, మడమకు స్ప్రింగు పట్టీతో."

"కారు పెట్టుకుని ఇప్పుడే తెస్తాను."

"బోటు ఇంజను వేసేసినారప్పా. ఇంకొకరివి నా కాలికి పట్టలేదు. సరి, మెత్తదాంతోనే దిగుతాను."

"దిగబాకమ్మా!"

"నేను దిగకుంటే నా జోడీ పిల్ల ఒంటిగా దిగాల. పెట్టేస్తాండా..."

లైను తెగింది. మళ్ళీ కలవలేదు.

వాసుదేవన్ బీరువా మీదనుంచి నల్ల రెక్కలు దించాడు. పలకను మోకాలికి ఆనించి బలమంతా పెట్టి వంచాడు. అది వంగలేదు. వంగింది ఆయనే.

షాపుకు పోయాడు గాని షాపులో లేడు. గోడమీద వైరుకు వేసే బీడింగు అడిగినవాడికి బల్బు హోల్డరు ఇచ్చాడు. ఎదురింట్లో ఆసుపత్రులకు గాయాల కట్టుగుడ్డ నేసే మహేశ్వరన్ టీ తాగుతూ గిల్లాడు. "ఏం మామా, ఈపొద్దు ఒక్క జోకూ లేదే? నోటికి కరెంటు పోయినాదా?"

వాసుదేవన్ కళ్ళెత్తి మెయిన్ స్విచ్చి వైపు చూశాడు. తనకు తెలిసిన ఏ కరెంటుకైనా గోడమీద ఒక మెయిన్ ఉంటుంది. దించితే చచ్చినట్టు ఆగుతుంది. ఇది ఎక్కడ దించాలి? ఆగమ్మా అలా అంటే అల ఆగుతుందా? ఫోను చేస్తే అరవంలో ఒక అమ్మాయి, మీరు కోరినవారు అందుబాటులో లేరని ఎంతో మర్యాదగా చెప్పింది. ఎన్నిసార్లు చేసినా ఆమె మర్యాద తగ్గలేదు.

పొద్దు వాలేవేళ ఇల్లు చేరాడో లేదో ఫోను టింగుమంది. యామినే! పైకి చదివాడు: "అప్పా, గట్టులో ఉండాను. ఫోనులో చార్జి లేదు."

మంగళం దేవుడి పటం వైపు తిరిగి దండం పెట్టింది. "గట్టుకు వచ్చేసినాది నా తల్లి!"

వాసుదేవన్ ఆ మొదటి అక్షరాన్నే చూస్తూ నిలబడ్డాడు. గ అనుకుంటే గట్టు. క అనుకుంటే కట్టు, దెబ్బకు కట్టేది.

"మంగళం... కట్టులో ఉండాను అని కూడా చదవచ్చునే."

"మీ నోట్లో మన్ను పడ! ఈపొద్దు కూడా జోకేనా?"

"జోకు కాదే. అక్షరం అట్లనే ఉండాది."

ఫోను చేశాడు. స్విచ్చాఫ్. ఆఫీసు నంబరుకు చేశాడు. ఎవరూ ఎత్తలేదు. ప్లగ్గుల జత అక్కడే ఎక్కడో పడి ఉంటుంది, దాన్ని గుచ్చి చార్జి ఎక్కించేందుకు మాత్రం పనికిరాదు. బతుకంతా ఒక్క అక్షరంలో రెండు మాటలు వెదికినవాడు, ఆ అక్షరంలో ఒకే ఒక్క మాట ఉంటే చాలునని కళ్ళు నులుముకుని మళ్ళీ చూశాడు. రెండూ అలాగే ఉన్నాయి.

"గట్టే," అంది మంగళం. "నేను కన్నదాన్ని, నాకు తెలీదా? గట్టే, ఒట్టు." అంటూనే రెక్కలను సంచిలో కుక్కి, ఆయన చేతికిచ్చి బస్టాండుకు తరిమింది.

బస్సులో కండక్టరు సంచిలోనుంచి పొడుచుకొచ్చిన పలకలను వేలితో తట్టాడు. "ఏంది పెద్దాయనా, బాతు కాళ్ళా?"

మరొక రోజైతే వాసుదేవన్ ఆ మాట పట్టుకుని బస్సు బస్సంతా నవ్వించి ఉండేవాడు. టికెట్టు తీసుకుని, సంచిని ఒళ్ళో పెట్టుకుని, రెక్కలు సర్దబోతే చేతికి మెత్తగా ఏదో తగిలింది.

రెండు పలకల నడుమ, మహేశ్వరన్ మగ్గం మీది కట్టుగుడ్డ చుట్ట. మంగళం ఎప్పుడు పెట్టిందో.