ఇంకో దిక్కు

వానకాలం మొదట్లో కల్లు గీస్తూ తాటిచెట్టు మీది నుంచి పడ్డాను. కాలు అతుక్కుంది, భయం మాత్రం వదల్లేదు. చెట్టునూ నడుమునూ కలిపి పట్టే తాడును మేము మోకు అంటాం. అది అప్పటి నుంచి గోడకు కొట్టిన మొలకే వేలాడుతోంది. తెల్లారితే నాలాగే కల్లు గీసే బాలయ్య జవాబు కోసం వస్తాడు. నేను ఎక్కనంటే నా చెట్లు అతనికి పోతాయి.

ఆ సాయంత్రం మా బిడ్డ రోజారాణి సిద్దిపేట కాలేజీ నుంచి బస్సు దిగి వచ్చింది. ఫిజిక్స్‌లో ఎమ్మెస్సీ చదువుతోంది. అరుగు మీద కూర్చొని నా కాలు చూసింది.

"బాపూ, భూమి గుంజుడు చాన తక్కువ, ఎరుకేనా? గింతంత అయస్కాంతం సూదిని లేపితే, గంత పెద్ద భూమి ఆపలేదు."

"తక్కువనా? మీ బాపు కాలునడుగు" అంది నా భార్య స్వరాజ్యం, బియ్యం చెరుగుతూనే.

బిడ్డ నవ్వింది. పైకీ కిందికీ, ముందుకూ వెనక్కూ, కుడికీ ఎడమకూ కాక ఇంకో దిక్కు కూడా ఉంటే ఏమవుతుందో ఆ రోజు క్లాసులో చెప్పారట.

"గా దిక్కు యాడుంటది?" అన్నాను.

"చెయ్యి పెట్టి సూపలేం బాపూ. లెక్కల్లనే దొరుకుతది. పైపుల నీళ్లు ఎంత దూరం పోయినా గదే జోరు. మడిల ఇడిస్తే పరుసుకొని పలుచనైతయి. స్ప్రింక్లర్ పెట్టి గాలిలకు కొడితే ఇంకా పలుచన. ఇంకో దిక్కుంటే భూమి గుంజుడు అటు గూడ పారుతది. దూరం పోయినకొద్దీ జల్ది సన్నవడతది."

"సన్నవడితే?"

"చందమామ నిలువడు. ఇప్పుడు జర కదిలినా సర్దుకొని తిరుగుతడు. అప్పుడు రవ్వంత ఇటు జరిగితే మన మీదికే వస్తడు, అటు జరిగితే పోతనే ఉంటడు."

చాట ఆగింది. "దిక్కులు ఎక్కువైతే దిక్కులేనోడైతడా!" అంది స్వరాజ్యం.

ముగ్గురం తూర్పుకు చూశాం. తాటిమట్టల మీదుగా నిండు చంద్రుడు లేస్తున్నాడు. తాడు లేదు, మొల లేదు. నన్ను నేలకు కొట్టిన గుంజుడే అంత దూరాన వాణ్ణి పడనివ్వకుండా, పోనివ్వకుండా పట్టుకుంది.

లేచి మోకు తీశాను.

"యాడికి?" అంది స్వరాజ్యం.

"జర సూసొస్త."

పెరటి చెట్టు సగం దాకా ఎక్కి మోకు మీద వెనక్కి వాలాను. తాడు నడుమును కరిచింది. పాదాలు చెట్టుకు ఆనాయి.

"ఎట్లుంది బాపూ?" కింద నుంచి బిడ్డ.

"గుంజుతుంది బిడ్డా" అన్నాను. "ఎంత గుంజాల్నో గంతే."