బతికున్న గుంటకే సిమెంటు

మా దీవిలో సెలుకా అనే ఆమె దుంపల గుంటలోకి ఉప్పునీళ్ళు దిగాయి. చేమదుంపకు పెద్దన్న లాంటి పులకా దుంప పండే గుంట అది, మూడు తరాలుగా ఆ ఇంటి కడుపు నింపింది. ఉప్పు ఎప్పుడొచ్చిందని రాజధానిలో తుపాను ఆఫీసువాళ్ళు అడిగారు. కొన్నేళ్ళుగా మెల్లగా ఊరుతోందంది. మెల్లగా వచ్చేది విపత్తు కాదట, వాతావరణ మార్పుల ఆఫీసుకు పొమ్మన్నారు. అక్కడివాళ్ళు, అల గట్టు దాటి పడ్డదా లేదా చెప్పమని నిలదీశారు. పోయిన తుపానులో పడ్డదంది. అయితే అది తుపాను వాళ్ళ పనేనన్నారు. ఉప్పుకు ఈ తేడాలేం తెలుసు? అది దుంపల్ని ఒక్కొక్కటే కుళ్ళబెట్టుకుంటూ పోయింది.

ఇప్పుడా రెండు ఆఫీసులనూ కలిపేశారు. కలిపిన సంగతి చెప్పడానికి పడవ నిండా పెద్దలు దీవికి వస్తున్నారు. గుంటలు చూసి, ఉప్పు దిగకుండా సిమెంటు గోడలు కట్టిస్తారట. సెలుకా గుంటలో ఒక్క మొక్క పచ్చగా మిగిలింది. గోడలు లేచాక దాని పిలకలతోనే మళ్ళీ గుంట నింపుకోవాలని ఆమె ఆశ.

ఆ పొద్దున దీవి పెద్ద మఫోలు వచ్చాడు. చనిపోయిన ఆమె భర్తకు తమ్ముడు.

"వదినా, విందుకి ఇంటికో పులకా ఇవ్వాలి."

"నాకున్నది ఒక్కటే మఫోలూ. అన్నం వండి తెస్తాలే, చేపలు కూడా తెస్తా."

"అన్నమా! దుకాణం బియ్యం పెట్టి పంపారని రాజధానంతా మనల్ని చూసి నవ్వాలా? అన్నయ్యే ఉంటే ఈ మాట అనేవాడా?"

చచ్చినవాణ్ణి మధ్యలోకి లాగితే వదిన నోరు మూతపడుతుందని మఫోలుకు బాగా తెలుసు. సెలుకా మొక్కను పెకలించింది. తల కోసి మళ్ళీ బురదలో గుచ్చింది గానీ, ఆ ఉప్పులో అది వేరు పట్టదని ఆమెకు తెలుసు. దుంపను తురిమి, కొబ్బరిపాలు పోసి, ఆకుల్లో చుట్టి వేడిరాళ్ళ మీద కాల్చింది.

కొత్త ఆఫీసు అధికారి ఫలియా రెండుసార్లు పెట్టించుకున్నాడు.

"చిన్నప్పుడు మా అమ్మ చేతిది తిన్నా అత్తా, మళ్ళీ ఇదే. ప్రాణం లేచొచ్చింది!"

భోజనాలయ్యాక అందరూ గుంటల దగ్గరికి నడిచారు. సెలుకా గుంటలోకి తొంగి చూసి ఫలియా నిజంగానే నొచ్చుకున్నాడు.

"బతికున్న పంట ఉంటేనే సిమెంటు అత్తా. ఇది పోయిన గుంట. పోయినవాటికి వేరే ఆఫీసు పెడుతున్నారులే, అప్పుడు చూద్దాం."

"పొద్దున్న దాకా బతికే ఉంది బాబూ. ఇప్పుడు నీ కడుపులో ఉంది."

ఫలియా పగలబడి నవ్వాడు. "మీ వదిన గట్టి మాటకారే!" అంటూ మఫోలు వీపు తట్టాడు. మఫోలు తల వంచుకుని నవ్వాడు. అతిథి నవ్వుతుంటే మొహం ముడుచుకోవడం మా దీవిలో మర్యాద కాదు. ఒళ్ళంతా మండిపోతున్నా సెలుకా కూడా నవ్వింది.