బొటనవేలి గుంట

బావ కత్తులు చేసి నూరేవాడు, బామ్మర్ది వాటి పిడుల మీద బొమ్మలు చెక్కేవాడు. బావా బామ్మర్దులు ఒకరి మీద ఒకరు కత్తులు నూరుకోవడం లోకంలో ఉన్నదే గానీ, ఆ కత్తుల మీదే ఇద్దరూ కలిసి ముప్పై ఏళ్లు పొట్టపోసుకోవడం మాత్రం ఈ ఇంట్లోనే జరిగింది. అన్నీ జేబులో పట్టే మడతకత్తులు. కోసే అలుగు బిగించకముందే ఇత్తడి పిడి ఒక్కటే గుడ్డలో చుట్టుకుని రెండు వీధుల అవతల బామ్మర్ది గదికి వచ్చేది. ఒంటినిండా లతలో లేళ్లో పొడిపించుకుని తిరిగి వెళ్లేది.

అలుగు చేసేది బావ, అలిగేది బామ్మర్ది. ఎందుకంటే ఏం చెక్కాలో ఎప్పుడూ బావే చెప్పేవాడు. "లేడి వెయ్యి. కొమ్ములు పొట్టిగా." అంతే. "నా ఇష్టానికి వదిలేస్తేనా..." అని బామ్మర్ది గొణిగితే, "నీ ఇష్టానికి వదిలేస్తే లేడికి మీసాలు పెడతావురా ఎడమయ్యా" అనేవాడు బావ. ఉలి ఎడమ చేత్తో పడతాడని పెట్టిన పేరు అది. అక్క పెళ్లిలో పెట్టాడు, ఇప్పటిదాకా తియ్యలేదు.

జీవితమంతా నూరినవాడికి నూరేళ్లు రాసిపెట్టి లేవు. సానరాయి దుమ్ము దమ్మంతా తినేసింది. మెట్లెక్కితే ఆయాసం, మాట్లాడితే ఆయాసం, ఊరుకుంటే ఇంకా ఆయాసం. ఇక లాభం లేదని డాక్టరు అక్కకి చెప్పాడు, అక్క తమ్ముడికి చెప్పింది, బావకి ఎవరూ చెప్పలేదు. ఆయనకి అందరికంటే ముందే తెలుసు.

ఒకరోజు చూడ్డానికి వెళ్తే, బావ దిండు కింద నుంచి మైనం ముద్ద తీశాడు. "ఇలా రా. దీనిమీద బొటనవేలు నొక్కు."

"ఎందుకు బావా?"

"వేలిముద్ర. నీ ఆస్తంతా రాయించుకుంటున్నా."

"ఆరు ఉలులు, ఒక కళ్లజోడు. చూసుకుని రాయించుకో" అని నవ్వి నొక్కాడు. బావ ఆ ముద్దని వెలుతురుకి పెట్టి చాలాసేపు చూశాడు. మనిషికి మతి కొంచెం తప్పుతోందనుకుని బామ్మర్ది చూపు తిప్పుకున్నాడు.

నెల తర్వాత ఒక ఉదయం అక్క ఒక పిడి తెచ్చి బల్లమీద పెట్టింది. "ఇదే ఆఖరిదటరా. బొమ్మ నీ ఇష్టమట."

"నా ఇష్టమా? ఎవరికట ఈ కత్తి?"

"అడిగితే దగ్గొచ్చింది."

అక్క వెళ్లాక గుడ్డ విప్పాడు. విప్పి అలాగే కూర్చుండిపోయాడు.

బావ పిడుల్లో బొటనవేలు ఆనడానికి బఠాణీ గింజంత గుంట ఉంటుంది. కళ్లు మూసుకున్నవాడైనా ఆయన కత్తిని గుర్తుపట్టేది దానితోనే. అది ఎప్పుడూ పిడికి ఎడమ పక్కనే ఉంటుంది. ఈ పిడికి కుడి పక్కన ఉంది.

జబ్బు పడ్డాక వచ్చిన రెండు పిడుల్లో సీల రంధ్రాలు ఒకదానికొకటి ఎదురు పడలేదు. బావకి చెప్పకుండా తనే సరిచేసి పంపాడు. ఇప్పుడు ఇది. ఎవడో కొన్నవాడు జేబులోంచి తీసి, 'పాపం, చివరికి ఆయనకి ఏ పక్క ఏదో తెలియలేదు' అనే కత్తి, ఆఖరి కత్తి కాకూడదు. ఏం చేసైనా సరే, ఈ తప్పు బయటికి పోకూడదు.

పిడి ఆకారం గీసి కాగితాల మీద బొమ్మలు మొదలుపెట్టాడు. ముప్పై ఏళ్లు అడిగిన ఇష్టం చేతికొచ్చేసరికి, అదేమిటో గుర్తురాలేదు. లేడి వేస్తే బావ లేడి. లత వేస్తే బావ లత. ఓడ వేశాడు, గుంట దాకా వచ్చి మునిగింది. గుర్రం వేశాడు, వెనక కాలు గుంటలో పడి కుంటిదైంది. పదకొండు కాగితాలు ఉండలు చుట్టి గదిలో ఒక మూల నింపాడు.

మూడో రోజున, గుంటని దాచే బొమ్మ కోసం వెతకడం మానేసి, గుంటనే బొమ్మ చేశాడు.

పిడికి తెల్లరంగు పూసి, ఆరాక పెన్సిలుతో గీసి, సూదితో గీత దింపాడు. గాలికి వంగిన రెల్లు, దాని మధ్య చిక్కుకున్న నిండు చందమామ. గుంట అంచుల కింద ఉలితో లోపలికి కోసి, వెండి బిళ్ల పెట్టి, చిన్న సుత్తితో అరగంట తట్టాడు. వెండి పరుచుకుని అంచుల కిందికి పాకి కరుచుకుంది. ఇక అది రావాలంటే పిడే విరగాలి. ఆపైన రెండో పక్క ఆకురాయితో కొత్త గుంట తీశాడు, ఎప్పుడూ ఉండేచోట. నునుపు చేశాడు. ముప్పై ఏళ్లలో ఇంత మంచి పని చెయ్యలేదు. బావ పరువు చెక్కు చెదరలేదు. చెక్కినవాడు తను గనక.

మధ్యాహ్నం పట్టుకెళ్లాడు. బావ కిటికీ పక్క మంచం మీద, ముక్కుకి ఆక్సిజన్ గొట్టంతో ఉన్నాడు. కళ్లు అప్పటికి మసకబారాయి గనక పిడిని చూడలేదు, తడిమాడు. రెల్లు మీద వేళ్లు నడిపి, "గడ్డి బాగా మొలిచిందిరా" అన్నాడు. బొటనవేలు చందమామ దగ్గర ఆగింది. చుట్టూ తిరిగింది. మళ్లీ ఆగింది.

"ఇక్కడ గుంట ఉండాలి కదరా."

"పూడ్చేశా బావా. పొరపాటున అటు పక్క తీశావు. కంగారుపడకు, ఎవరికీ తెలీదు. ఇటు పక్క కొత్తది తీశానుగా."

 గ్లాసుతో గుమ్మంలో ఉన్న అక్క అంది. "పొరపాటేంట్రా? మూడు వారాలు ఆ మైనం ముద్ద ముందు పెట్టుకుని తీశాడు. చూడబోతే నీకే గాబోలు అనుకున్నా. చెప్పొద్దని నాచేత ఒట్టు వేయించుకున్నాడు."

బామ్మర్ది పిడి అందుకున్నాడు. ముప్పై ఏళ్లలో పిడిని చెక్కడానికి బిగించడమే గానీ, కత్తిలా పట్టుకున్నది లేదు. సొంతానికి ఒక్క కత్తి లేదు. ఎడమ చేత్తో పట్టుకున్నాడు. బొటనవేలు తిన్నగా పోయి చందమామ మీద వాలింది. నున్నగా జారింది.

"తవ్వేస్తా బావా. రేపటికల్లా తీసేస్తా."

"రాదురా. నువ్వు కరిపించింది ఎప్పుడైనా ఊడిందా?" బావ ఊపిరి కూడదీసుకున్నాడు. "తవ్వితే అంచులు పోతాయి. ఉండనీ. చందమామేనా అది?"

"చందమామే."

"మీసాలు పెట్టలేదు కదా?"

"లేదు బావా."

బావ నవ్వబోయాడు, దగ్గొచ్చింది. అక్క వచ్చి పట్టుకుంది. 

తొమ్మిదో రోజున బావ పోయాడు. నెల తర్వాత అక్క, బావ నూనెగుడ్డలో చుట్టి ఉంచిన అలుగు తెచ్చి ఇచ్చింది. బామ్మర్ది దాన్ని పిడిలో పెట్టి, సీల తనే కొట్టుకున్నాడు. మడత ఒకవైపు కొంచెం బిగువుగా తిరుగుతుంది. బావ అయితే సరిచేసేవాడు.

వెండి మెత్తది, ఎప్పటికైనా అరుగుతుంది. రోజూ పని మొదలుపెట్టే ముందు కత్తి ఎడమ చేత్తో పట్టుకుని, బొటనవేలితో కాసేపు రుద్దుతాడు. ఇప్పటికి పక్కనున్న రెల్లు కొసలు రెండు అరిగిపోయాయి. చందమామ మాత్రం అలాగే ఉంది.