ఇద్దరు మాట్లాడే భాష

"నీ మీటింగు నీదే గానీ, మా దోస్తులొచ్చేసరికి ఛాయ్ గావాలె" అని భర్త క్రాంతి కుమార్ వంటింట్లోకి తొంగిచూసి చెప్పిపోయాడు. గిన్నెలు తోముతున్న ఎస్తేరు తలూపింది. చర్చి నుంచి వచ్చింది మొదలు ఆమె వంటింట్లోంచి కదల్లేదు. అయినా ఈ ఆదివారం అలుపు తెలియడం లేదు. చేతులు గిన్నెల మీద ఉన్నాయి గానీ, పెదవులు మాత్రం ఒకే వాక్యాన్ని మళ్ళీ మళ్ళీ పలికి చూసుకుంటున్నాయి. ఆ వాక్యం తెలుగు కాదు, ఉర్దూ కాదు, ఇంగ్లిషూ కాదు. అది ఆమె సొంతంగా కట్టుకున్న భాష.

సరదాకు కొత్త భాషలు అల్లుకునేవాళ్ళు కొందరు ఫోన్లో ఒక గుంపుగా ఉన్నారు. నాగర్‌కర్నూల్ కాలేజీలో పాఠాలు చెప్పే చైతన్య మేడం ఆ గుంపును నడుపుతుంది. ఎవరి భాషకు వారే మాటలు, వ్యాకరణం కట్టుకుని, ఆదివారాలు కాల్‌లో కలిసి ఒకరికొకరు వినిపించుకుంటారు. కొత్తవాళ్ళు చేరితే పాతవాళ్ళలో ఒకరు తమ భాషలో స్వాగతం పలకాలి. ఈసారి వంతు వనపర్తిలో ఉండే ఎస్తేరుది. ఇన్నాళ్ళూ అందరివీ వినడమే గానీ, గుంపులో ఆమె తన భాషలో నోరు తెరిచింది లేదు.

ఒకే ఒక్కసారి భర్తకు వినిపించింది. ఇంట్లో అందరూ తిన్నాక గిన్నె అడుగున మిగిలిన కూర చూసి 'నాకింతే చాల్లే' అనుకోవడం ఉందే, దానికి ఆమె 'ఓలిమ' అని పేరు పెట్టింది. పూటపూటా జరిగేదానికి తెలుగులో ఒక్క మాటైనా లేకపోవడమేమిటని ఆమె ఆశ్చర్యం. "రోజు ఉండేదే గదా, దానికి పేరెందుకు?" అన్నాడు క్రాంతి. మర్నాడు దోస్తుల ముందు, "మా ఆమెకు కూర సక్కగ వండరాదు గానీ కొత్త భాష కనిపెడతదంట" అన్నాడు. అందరూ నవ్వారు. ఛాయ్ కప్పులు అందిస్తూ ఆమె కూడా నవ్వింది. వాళ్ళ నవ్వు కంటే తన నవ్వే ఆమెను ఎక్కువ రోజులు పొడిచింది. అత్త జమ్ములమ్మ అయితే, "ఒక్కదానివే గొణుగుతున్నవేందే, గాలి గిట్ల సోకిందా?" అని పాస్టరును పిలిచి ప్రార్థనే చేయించింది.

ఎస్తేరు చేతులు తుడుచుకుని పడకగదిలోకి వెళ్ళి కాల్ కలిపింది.

"ఈమె రుక్సార్. సొంతూరు గట్టు. గద్వాలల బట్టల షాపుల పని చేస్తది" అని చైతన్య పరిచయం చేసింది. "ఎస్తేరు, ఇగ నీదే."

ఎస్తేరు ఫోను నోటికి దగ్గరగా పెట్టుకుంది. "నేరి సువల తామె" అంది. "అంటే, నీ మాటకు ఇక్కడ చోటున్నది."

తప్పేమైనా పలికానా అని భయపడేలోపే రుక్సార్ నవ్వు సన్నగా వినిపించింది.

"ఎంత మంచిగున్నదక్కా! నాది గింత పెద్ద భాష గాదు. చిన్నప్పుడు నేను, మా అక్క కుబ్రా విత్తనాల కోసం పెంచే సీడు పత్తి చేన్లకు కూలికి పోతుంటిమి. ఒక పువ్వు పొడి ఇంకో పువ్వుకు అద్ది క్రాసింగ్ చేసుకుంట, పని చేపించే మేస్త్రికి సమజ్ గాకుండ మాట్లాడుకునేటందుకు కట్టుకున్నం."

"జర ఒకటి చెప్పరాదు!" అంది ఎస్తేరు.

"మెరిక తోలె, ఝిన్నకు."

"అంటే ఏంది?"

"మేస్త్రి వస్తుండు, నవ్వకు."

కాల్‌లో ఉన్నవాళ్ళంతా గొల్లుమన్నారు. "మరి మొగుణ్ని ఏమంటరు మీ భాషల?" అని అడిగింది చైతన్య.

"ఆ మాట లేదు మేడం. అప్పటికి అవసరం పడలే."

ఎస్తేరు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా నవ్వింది. ఇక ప్రశ్న మీద ప్రశ్న. ఎండనేమంటారు? ఆకలిని? నిన్నటిని? రుక్సార్ తడుముకుంటూ జ్ఞాపకం చేసుకుంటోంది. మాట దొరికినప్పుడల్లా ఆమె గొంతు చిన్నపిల్లలా గంతులేస్తోంది.

"ఛాయ్ ఏమాయె?" హాల్లోంచి కేక వచ్చింది. ఎస్తేరు అలవాటుగా లేచి నిలబడింది. అప్పుడే రుక్సార్ గొంతు తగ్గింది.

"మా అక్క కాన్పుల సచ్చిపాయె. అప్పటిసంది ఈ మాటలు నా నోట్లనే ఉండిపాయె. ఒక్కదాన్నే మాట్లాడితే అది భాష అయితదా అక్కా?"

ఎస్తేరు మళ్ళీ మంచం మీద కూర్చుంది.

"నాకు నేర్పు. ఇద్దరమైతం" అంది. "మెరిక తోలె, జిన్నకు. కరెక్టేనా?"

"జిన్నకు గాదక్కా, ఝిన్నకు. నాలికె జర బరువుగ పెట్టాలె." రుక్సార్ ఏడుస్తూనే దిద్దింది.

"ఝిన్నకు."

"ఆఁ, గట్ల! మా అక్క గట్లనే అంటుండె. వచ్చే ఆదివారం గద్వాలకు రారాదు అక్కా, నాకు షాపు లేదు. బస్టాండ్ల నిలవడతా."

"వస్త" అంది ఎస్తేరు. ఎవరినీ అడక్కుండా ఆ మాట ఎలా వచ్చేసిందో ఆమెకే తెలియలేదు. ఒళ్ళంతా తేలికైపోయింది.

ఫోను పెట్టి తల తిప్పేసరికి క్రాంతి తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు.

"ఎంతసేపు గీ ముచ్చట్లు? వాళ్ళు కూసోనున్నరు."

"పాలు పొయ్యి కాడ్నే ఉన్నయి, మరగబెట్టి పోసియ్యి. వచ్చే ఆదివారం నేను గద్వాలకు పోతున్న, పొద్దంత ఆడ్నే ఉంట."

అతను కనుబొమలు ముడిచాడు. "అడుగుతున్నవా, చెప్తున్నవా?"

"చెప్తున్న" అంది ఎస్తేరు, అతనికి బాగా అర్థమయ్యేలా, తెలుగులోనే.