ఇరవై రెండు గళ్లు, తొమ్మిది మంది

తుఫాన్ల కాలానికి సిద్ధంగా ఉండమని జిల్లా ఆఫీసు నుంచి ఏటా కాగితం వస్తుంది. కొత్తకాలవపాళెం సర్కారు ఆసుపత్రి హెడ్ నర్సు ఎలిశబెతు దాన్ని ఏటా ఫైల్లో పెడుతుంది. ఈసారి కాగితం వెనకాలే ఒక పట్టిక కూడా వచ్చింది. తుఫాను రోజున ఎవరు ఏ పనిలో ఉంటారో ఇరవై రెండు గళ్లలో పేర్లు రాయాలి. ఆసుపత్రిలో ఉన్నది, ఊడ్చే పోలేరమ్మతో కలిపి, తొమ్మిది మంది.

కొత్తగా వచ్చిన డాక్టరు వినోద్‌కు ఇరవై తొమ్మిదేళ్లు. గడి ఖాళీగా కనిపిస్తే ఆయనకు అన్నం సహించదు. ఒక్క పూటలో అన్నీ నింపేశాడు. ఎలిశబెతు కళ్లజోడు సర్దుకుని చదివింది. జనరేటర్ దగ్గర పెంచల్. స్ట్రెచర్ దగ్గర ఎస్. పెంచల్. ఆక్సిజన్ సిలిండర్ల దగ్గర పెంచలయ్య. కాన్పుల గదిలో ఎలిశబెతు. గాయాల వార్డులో ఎలిజబెత్ గారు.

"మనకుండే వార్డుబాయ్ ఒక్క పెంచలే గదా సార్?"

"పేర్లు వేరుగా ఉన్నాయి కదమ్మా."

"మనిషి ఒకడే సార్. నేనూ ఒకదాన్నే."

"వచ్చేవాళ్లు కాగితం చూస్తారు సిస్టర్, మనుషుల్ని కాదు."

ఎలిశబెతు అబద్ధమాడనిది కాదు. సూది నొప్పెట్టదని ఇరవై ఎనిమిదేళ్లుగా రోజూ చెబుతూనే ఉంది. అయినా తన పేరు రెండుచోట్ల చూసుకుంటే ఆమెకు అప్పుడే కాళ్లు పీకడం మొదలైంది.

జిల్లా అధికారి విజయకుమారి గారు కాగితంతో సరిపెట్టుకోలేదు. గురువారం పొద్దున పదింటికి స్వయంగా వచ్చి, తుఫాను వచ్చినట్టే అందరూ పనిచేసి చూపించమంది. దెబ్బలు తగిలినవాళ్లుగా నటించడానికి పక్కనే జాలర్లుండే పట్టపుపాళెం నుంచి ఎనిమిది మంది వచ్చారు. టీ, ఉప్మా ఇస్తామని ఒప్పందం. చేపలమ్మే కామమ్మకు కాలు విరిగిందని కట్టుకట్టి వరండాలో పడుకోబెట్టారు.

"ఈ పక్కదానికేమో తలకాయ పగిలిందంట. నాకు ఉత్త కాలేనా సిస్టరమ్మా?" అని కామమ్మ మూతి తిప్పింది.

గంట కొట్టగానే పెంచల్ జనరేటర్ దగ్గరికి పరుగెత్తాడు. అక్కణ్ణుంచి సిలిండర్ల గదికి, అక్కణ్ణుంచి స్ట్రెచర్ దగ్గరికి. రెండో చుట్టులో అతని చెప్పు తెగింది. మూడో చుట్టులో ఊపిరందక స్ట్రెచర్ మీద తనే కూలబడ్డాడు.

విజయకుమారి గారు పట్టిక చూసి, "పెంచల్, ఎస్. పెంచల్, పెంచలయ్య ముగ్గురూ వచ్చి నా ముందు నిలబడండి" అంది.

పెంచల్ డాక్టరు వంక చూశాడు. డాక్టరు ఫ్యాను వంక చూశాడు. పెంచల్ లేచి వచ్చి నిలబడ్డాడు. కాసేపు ఆలోచించి, పక్కన ఇద్దరికి చోటు వదిలాడు.

"వాళ్లు వస్తాండారు మేడమ్."

ఎలిశబెతు ఇక ఆగలేకపోయింది.

"ఎవురూ రారు మేడమ్. మేముండేదే తొమ్మిది మంది. మిగతా గళ్లన్నీ సారు సిరాతో నింపినాడు."

వరండాలోంచి కామమ్మ లేచి, విరిగిన కాలితోనే గబగబా నడిచి వచ్చింది.

"అందుకా! అరగంట నుంచి పడుండా, ఒక్కడన్నా పలకరించలా. నిజం తుఫానైతే నేను చచ్చుందును గదా!"

"కామమ్మా, నువ్వు పడుకో" అన్నాడు వినోద్.

"నువ్వుండు సారూ. మా ఇంటాయన గంగులయ్య నడిసముద్రంలో బోటు ఇంజను విప్పి బిగిస్తాడు. మీ జనరేటర్ ఒక లెక్కా? వల లాగే మొగోళ్లకి మనిషిని మోసేది కష్టమా? తుఫానొస్తే మా ఇండ్లల్లో ఎట్టాగూ ఉండలేం. ఈడికే వచ్చి కూచుంటాం. ఉత్తగా కూచునే బదులు పని చెప్పండి."

"బయటివాళ్లకు ఇందులో గడి లేదే" అంది విజయకుమారి గారు.

"గీతలు నేను కొడతాను మేడమ్" అని ఎలిశబెతు స్కేలు తీసింది.

డిసెంబరు మొదట్లో ఒక మంగళవారం తుఫాను నిజంగానే వచ్చింది. పొద్దున తొమ్మిదికల్లా కరెంటు పోయింది. దారిలో చెట్లు పడి నెల్లూరు నుంచి రావాల్సిన ముగ్గురు ఆగిపోయారు. తొమ్మిది మంది ఆరుగురయ్యారు. గంగులయ్య జనరేటర్‌ను దాని పుట్టుపూర్వోత్తరాలతో సహా తిట్టి నడిపించాడు. మోకాటి లోతు నీళ్లలో పట్టపుపాళెం మగవాళ్లు నలుగురు ఒక నిండుచూలాలిని మంచంతో సహా మోసుకొచ్చారు. కామమ్మ వార్డు గుమ్మంలో నిలబడి, "సారూ, దోవలో నిలబడబాకు, తప్పుకో!" అని డాక్టరునే అదిలించింది. ఆయన తప్పుకున్నాడు. ఏది ఎక్కడుందో ఎలిశబెతునూ కామమ్మనూ అడిగి మరీ పనిచేశాడు.

సాయంత్రానికి గాలి తగ్గింది. రెండు కాన్పులు, పదకొండు కుట్లు, ఒక విరిగిన చెయ్యి. ప్రాణం పోయినవాళ్లు లేరు.

ఎలిశబెతు వరండాలోకి వచ్చి చూసింది. బల్ల మీద గంగులయ్య గోడకానుకుని గుర్రుపెడుతున్నాడు. ఆయన భుజం మీద తల వాల్చి, నోరు తెరుచుకుని డాక్టరు వినోద్. పొడి దుప్పటి ఒకటే మిగిలింది. ఇద్దరికీ కలిపి కప్పింది.